రింగు నిండేదాకా ఆగండి

(కంప్యూటర్‌లో యుద్ధ విమానాలు నడిపే గేములు, అంటే ఫ్లైట్ సిమ్యులేటర్లు, ఆడే మిత్రులు ఒక ఆదివారం హైదరాబాద్‌లో కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ప్రొజెక్టర్ కాస్త మసకగా ఉంది, ఆ కిటికీ కర్టెన్ ఎవరైనా వేస్తారా? ఆ, చాలు.

మనలో చాలామందికి ఉన్న జబ్బు ఒకటే. విమానం లేపడం వచ్చు, దింపడం వచ్చు. మలుపుల్లో స్పీడు పోగొట్టుకోకుండా తిరగడం కూడా కాస్తో కూస్తో వచ్చు. పావుగంట చెమటలు కక్కి శత్రువు వెనక్కి చేరతాం. తీరా ట్రిగ్గర్ నొక్కితే తూటాలన్నీ వాడి చుట్టూ ఉన్న గాలికి తగులుతాయి. యూరప్ సర్వర్లు నిండేది మన టైంలో రాత్రి పదకొండు దాటాక. రెండింటి దాకా మేలుకుని, ఇంట్లో తిట్లు తిని, ఒక్కటి కూడా కూల్చకుండా పడుకుని, పొద్దున ఆఫీసు మీటింగులో కళ్లు నులుముకుంటూ కూర్చోవడం. నేను అలా రెండేళ్లు చేశాను. ఇందులో నవ్వుతున్నవాళ్లంతా ఇప్పటికీ చేస్తున్నారని నాకు తెలుసు.

ఆ రెండేళ్లూ నా గురి బాగాలేదనే అనుకున్నాను. జాయ్‌స్టిక్ మార్చాను. స్టిక్ ఎంత కదిపితే విమానం ఎంత స్పందించాలో చెప్పే కర్వులు మార్చాను. మౌస్‌తో బొమ్మల్ని కొట్టే గేములు ఆడితే చేతికి సాధన అవుతుందని ఎవరో చెబితే అవీ ఆడాను. ఏమీ మారలేదు. ఎందుకంటే లోపం చేతిలో లేదు. ట్రిగ్గర్ నొక్కక ముందు పది సెకన్లలో చేసిన పొరపాట్లు ట్రిగ్గర్ నొక్కాక బయటపడేవి, అంతే. ఇవాళ నేను చెప్పేదంతా ఆ పది సెకన్ల గురించే. ముఖ్యంగా దూరం గురించి.

ముందు ఒక లెక్క చూద్దాం. ఇంగ్లండ్ మీద యుద్ధం జరిగిన 1940లో బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్‌కి ఎనిమిది బ్రౌనింగ్ మెషిన్ గన్లు ఉండేవి. గన్నుకు సుమారు 300 తూటాలు, నిమిషానికి 1150 దాకా పేల్చేది. ఎంతసేపు వస్తాయి? ఆపకుండా నొక్కితే 15 సెకన్లు. టీ గ్లాసు పెదాల దాకా తెచ్చి ఊది ఒక గుటక వేసేసరికి అయిపోతాయి. అమెరికా ఫైటర్ మస్టాంగ్ పి-51డి కాస్త నయం. ఆరు గన్లు, మొత్తం 1880 తూటాలు. లోపలి రెండు గన్లకు చెరి 400, మిగతా నాలుగింటికి తలా 270. అంటే సుమారు ఇరవై సెకన్లకు నాలుగు గన్లు మూగబోతాయి, మిగిలిన రెండు ఇంకో పది సెకన్లు మోగుతాయి. జర్మన్ బీఎఫ్ 109 కే-4 సంగతి మరీ ఘోరం. దాని ముక్కులోని 30 మిల్లీమీటర్ల ఎంకే 108 ఫిరంగికి ఇచ్చేది 65 గుండ్లు. ఆరు సెకన్ల ఆట. ఒకటి రెండు తగిలితే చాలు, ఫైటర్ ముక్కలవుతుంది. కానీ తగలాలిగా!

ఇంత తక్కువ సరుకు పెట్టుకుని మనం 600 మీటర్ల నుంచి మొదలుపెడతాం. దీపావళి నాడు సంధ్య వేళకే టపాసులన్నీ కాల్చేసి తర్వాత పక్కింటివాళ్ల వైపు చూసే పిల్లల్లాగా.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో, ఓస్వాల్డ్ బోల్కె అనే జర్మన్ పైలట్ తన కిందివాళ్ల కోసం కొన్ని సూత్రాలు రాశాడు. అందులో ఒకటి, దగ్గరికి వెళ్లాకే కాల్చు, అదీ శత్రువు నీ గురిలో సరిగ్గా పడ్డప్పుడే అని. రెండో యుద్ధంలో దక్షిణాఫ్రికా నుంచి వచ్చి ఇంగ్లండ్ తరఫున పోరాడిన 'సెయిలర్' మలాన్ పది నియమాలు రాస్తే అందులో మొట్టమొదటిది కూడా ఇదే. వాడి కళ్లలో తెల్లగుడ్డు కనబడేదాకా ఆగు, ఒకటి రెండు సెకన్ల చిన్న బర్స్టులే కాల్చు అన్నాడు. 352 విమానాలు కూల్చినట్టు లెక్కలున్న జర్మన్ పైలట్ ఎరిక్ హార్ట్‌మన్ పద్ధతీ ఇదే, అద్దం నిండా శత్రువు విమానం పరుచుకునేదాకా వేలు కదిపేవాడు కాదు. ముగ్గురూ వేరు వేరు విమానాలు నడిపినవాళ్లు. ఒకరిది గుడ్డ రెక్కల విమానం, ఇద్దరివి లోహపు విమానాలు. మాట మాత్రం ఒకటే. మనకు అది రెండేళ్లకు గానీ ఎక్కదు.

ఎందుకు దగ్గరికి వెళ్లాలి? పెద్దవాళ్లు చెప్పారు కాబట్టి అంటే మనం వినం. లెక్క చేసి చూద్దాం. ఈ స్లైడ్ చూడండి.

శత్రువు గంటకు 400 కిలోమీటర్ల వేగంతో మనకు అడ్డంగా పోతున్నాడు. అంటే సెకనుకు 111 మీటర్లు. మన తూటా సగటు వేగం సెకనుకు 800 మీటర్లు అనుకుందాం. వాడు 300 మీటర్ల దూరంలో ఉంటే తూటా చేరడానికి సెకనులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ పడుతుంది. ఆలోపు వాడు సుమారు 42 మీటర్లు ముందుకు వెళ్లిపోతాడు. బీఎఫ్ 109 పొడవు సుమారు 9 మీటర్లు. అంటే నాలుగున్నర విమానాల పొడవు ముందున్న ఖాళీ ఆకాశంలోకి కాల్చాలి. అదే 100 మీటర్లలో ఉంటే? 14 మీటర్లు. ఒకటిన్నర విమానం. ఒకటిన్నర విమానాన్ని కంటితో అంచనా వేయగలం. నాలుగున్నర విమానాలంటే అది జాతకం చెప్పడమే.

మా పెదనాన్న వాళ్ల ఊళ్లో జొన్నచేలో మంచె వేసేవాళ్లు. మంచె మీద నిలబడి ఒడిసెలతో రాయి విసిరి పిట్టల్ని తోలేవాళ్లు. ఎగిరే గువ్వను కొట్టాలని నేను ఎంత ప్రయత్నించినా రాయి దాని తోక వెనకాలే పోయేది. పెదనాన్న ఒకటే అనేవాడు: "గువ్వ ఉన్నచోటికి కాదురా, గువ్వ పోయేచోటికి ఎయ్యి." ఇలా శత్రువు కంటే ముందుకు గురిపెట్టడాన్ని 'లీడ్' అంటారు, ఆ మాటకు అంతకంటే మంచి అర్థం నాకు ఇంతవరకు ఏ మాన్యువల్‌లోనూ దొరకలేదు. మన తూటాల్లో నూటికి తొంభై శత్రువు తోక వెనకే పోతాయి. మీ రికార్డింగులు తీసి చూసుకోండి. ముందుకు పోయినవి అరుదు.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది, ఇది అర్థమైన రోజు నాకు నిద్ర పట్టలేదు. లీడ్‌ను మీటర్లలో కొలిస్తే దూరంతో పాటు పెరుగుతుంది కదా. కానీ గన్‌సైట్, అంటే గురి చూసే అద్దం, మీద కోణంగా కొలిస్తే దాదాపు పెరగదు. 300 మీటర్లకు 42 మీటర్ల ముందు, 100 మీటర్లకు 14 మీటర్ల ముందు. నిష్పత్తి ఒకటే. కంటికి రెండూ ఒకే కోణం, సుమారు 8 డిగ్రీలు. అందుకే గన్‌సైట్‌లో రింగు పెట్టారు. రింగు అలంకారం కాదండీ, అది స్కేలు.

జర్మన్ రెవి గన్‌సైట్ తీసుకుందాం. దాని రింగు వ్యాసం 100 మిల్. మిల్ అంటే వెయ్యి మీటర్ల దూరంలో ఒక మీటరు. కాబట్టి 100 మీటర్ల దూరంలో 10 మీటర్ల వస్తువు ఆ రింగును సరిగ్గా నింపుతుంది. 109 రెక్కల వెడల్పు 9.92 మీటర్లు. స్పిట్‌ఫైర్ 11.23. అంటే ఫైటర్ రెక్కలు రింగు ఈ అంచు నుంచి ఆ అంచుకు తగిలితే మీరు 100 మీటర్లలో ఉన్నట్టు. సగం నింపితే 200. మూడో వంతు అయితే 300. మనం కాల్చడం మొదలుపెట్టే 600 దగ్గర? ఆరో వంతు, అద్దం మీద దోమ వాలినట్టు ఉంటుంది.

లీడ్ కూడా ఇదే రింగుతో కొలవచ్చు. అదే 400 కిలోమీటర్ల వేగానికి, శత్రువు పోయే దారికీ మీ చూపుకూ మధ్య 20 డిగ్రీల కోణం ఉంటే కావలసిన లీడ్ సుమారు 47 మిల్. రింగు వ్యాసార్ధం 50. అంటే వాడు రింగు అంచు మీద ఉండి నడిమి చుక్క వైపు వస్తున్నట్టు పెట్టి కాల్చాలి. 30 డిగ్రీలు అయితే దాదాపు ఒకటిన్నర వ్యాసార్ధం. 90 డిగ్రీలు, పూర్తిగా అడ్డంగా అయితే దాదాపు మూడు వ్యాసార్ధాలు. అప్పుడు వాడు మీ ఇంజిన్ ముక్కు కింద దాక్కుంటాడు, కనపడనే కనపడడు. కనపడని వాణ్ణి కొట్టాలి. అది వచ్చినవాళ్లు లోకంలో చాలా తక్కువమంది.

ఉన్నారు మాత్రం. కెనడా నుంచి వచ్చిన జార్జ్ బ్యూర్లింగ్ 1942లో మాల్టా ద్వీపం మీద పోరాడాడు. ఖాళీ సమయంలో గోడల మీద బల్లుల్ని పిస్తోలుతో కొట్టి సాధన చేసేవాడంటారు. అదీ ఎక్కడినుంచి పడితే అక్కడినుంచి కాదు, గన్‌సైట్‌లో విమానం ఎంత కనిపిస్తుందో బల్లి అంత కనిపించే దూరం నుంచి. ఇంకొకడు జర్మన్ పైలట్ హాన్స్ యోఆకిం మార్సే, ఉత్తర ఆఫ్రికా ఎడారి మీద. మలుపు తిరిగే విమానాల్ని కొద్దిపాటి తూటాలతో కూల్చేవాడు. నాకు అతనిలో నచ్చింది వేరే. డ్యూటీ నుంచి తిరిగి వచ్చేటప్పుడు తన జట్టువాళ్ల విమానాల మీదే ఉత్తుత్తి దాడులు చేస్తూ సాధన చేసేవాడు. ట్రిగ్గర్ నొక్కేవాడు కాదు లెండి. తూటా ఖర్చు లేకుండా గురి నేర్చుకోవచ్చన్నమాట. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇక దగ్గరికి వెళ్లమంటే మనవాళ్లు ఏం చేస్తారు? ఇంజిన్ శక్తి పెంచే థ్రాటిల్ చివరిదాకా తోసి, ఎద్దులా దూసుకెళ్లి, కాల్చడానికి అర సెకను దొరికి, గుద్దకుండా తప్పుకోవడానికి స్టిక్ లాగి, శత్రువు ముందుకు పోయి పడతారు. తర్వాత సంగతి మీకు తెలుసు.

ఇక్కడ ఉన్నవాళ్లలో కదిలే ఆర్టీసీ బస్సు ఎక్కినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. అందరూనా! పోలీసులు ఎవరూ లేరు కదా. సరే, ఎలా ఎక్కుతారు? బస్సుకు ఎదురు వెళ్లరు, అడ్డంగా దూకరు. బస్సుతో పాటు పరిగెత్తి, బస్సు వేగం మీ వేగం ఒకటయ్యాక, కమ్మీ పట్టుకుని ఫుట్‌బోర్డు మీద కాలు పెడతారు. గాల్లోనూ అంతే. రింగులో వాడు సగం నిండేసరికి మీ వేగం వాడి వేగానికి కాస్తే ఎక్కువ ఉండాలి. ఆ చివరి 100 మీటర్లు మెల్లగా కరగాలి. ముందే థ్రాటిల్ తగ్గించండి, లేదా కాస్త పైకి లేచి వేగాన్ని ఎత్తుగా మార్చుకుని మళ్లీ దిగండి. కాల్చే సమయంలో థ్రాటిల్ కదపొద్దు. ఎందుకో ఇప్పుడు చెబుతాను, నా పరువు తీసే కథ అది.

ఒకసారి ఒక మిత్రుడితో కలిసి నా రికార్డింగు చూస్తున్నాం. బీఎఫ్ 109లో నేను ఒక స్పిట్‌ఫైర్ వెనక 150 మీటర్లలో ఉన్నాను. చుక్క సరిగ్గా దాని మీదే ఉంది. రెండు సెకన్లు కాల్చాను. ఒక్కటి తగల్లేదు. నేను సర్వర్ని తిట్టాను, ఇంటర్నెట్‌ని తిట్టాను, ఆ గేము చేసినవాళ్లని తిట్టాను. అతను వీడియో ఆపి, డాష్‌బోర్డు చూపించి, "అన్నా, బంతి ఎక్కడుంది?" అన్నాడు. ఆ వంపు గొట్టంలో ఉండే నల్ల బంతి, మధ్యలో ఉండాల్సింది, ఒక పక్కకు జారి కూర్చుంది. అంటే నా విమానం ముక్కు ఒకవైపు చూస్తోంది, విమానం ఇంకోవైపు జారుతోంది. తూటా ముక్కు చూసేవైపే బయల్దేరుతుంది, నిజమే. కానీ విమానం పక్కకు జారే వేగాన్ని కూడా మోసుకుపోతుంది. చుక్క ఎక్కడ పెట్టినా తూటా అక్కడికి పోదు. రెండేళ్ల నా కష్టమంతా ఆ చిన్న బంతిలో ఉంది!

ముక్కును పక్కకు తిప్పేది తోక మీది రడ్డర్, పెడల్స్‌ని కాలితో నొక్కకుండానే దాన్ని సరిచేసి ఉంచేది ట్రిమ్. 109కి రడ్డర్ ట్రిమ్‌ను కాక్‌పిట్ లోంచి మార్చే వీలు లేదు. నేల మీద ఒకసారి సరిచేస్తే అంతే. కాబట్టి పైకి ఎక్కేటప్పుడు ఒక కాలు, వేగంగా దిగేటప్పుడు ఇంకో కాలు అదిమి పట్టాలి. స్పిట్‌ఫైర్‌లో, మస్టాంగ్‌లో ట్రిమ్ చక్రం ఉంది, కానీ వేగం మారిన ప్రతిసారీ, థ్రాటిల్ మార్చిన ప్రతిసారీ ముక్కు మళ్లీ పక్కకు పోతుంది. ప్రొపెల్లర్ విమానం అంటేనే అంత. అందుకే థ్రాటిల్ కదపొద్దన్నాను. పెడల్స్ లేనివాళ్లు స్టిక్ మెలితిప్పి రడ్డర్ వాడతారు కదా, వాళ్లకు ఒక సలహా. ఆ యాక్సిస్‌కి కర్వు మెత్తగా పెట్టుకోండి. లేకపోతే బంతిని మధ్యకు తెద్దామని తిప్పితే ముక్కు ఊగిపోతుంది. చేతి టెన్షన్ కూడా చూసుకోండి. శత్రువు కనపడగానే స్టిక్‌ని పీక పట్టినట్టు పట్టుకుంటాం. చెయ్యి తొడ మీదో కుర్చీ చేతి మీదో ఆనించి వేళ్లతో పట్టుకోండి.

కన్వర్జెన్స్ గురించి రెండు మాటలు. రెక్కల్లో గన్లున్న విమానాల్లో ఎడమ కుడి తూటాలు ముందు ఎక్కడో ఒకచోట కలిసేలా గన్లను కాస్త లోపలికి తిప్పి బిగిస్తారు. యుద్ధం మొదట్లో బ్రిటన్ ఫైటర్ కమాండ్ 400 గజాల దగ్గర, తూటాలు విస్తారంగా చెదిరేలా పెట్టించింది. సగటు పైలట్ గురి బాగుండదు కాబట్టి చెదిరితే ఏదో ఒకటి తగులుతుందని వాళ్ల లెక్క. అనుభవం వచ్చాక పైలట్లు దాన్ని 250 గజాలకు, అంటే సుమారు 230 మీటర్లకు దించుకున్నారు. చెదిరి తగిలిన నాలుగు తూటాలతో విమానం పడదు, ఒకేచోట నలభై పడితేనే పడుతుంది. ఐఎల్-2 అనే సిమ్యులేటర్‌లో ఈ దూరాన్ని మనమే పెట్టుకోవచ్చు. మన వాళ్లు 400, 500 పెట్టుకుని 100 మీటర్లలో కాలుస్తారు. గన్ను మధ్యగీత నుంచి 2 మీటర్ల పక్కన ఉందనుకోండి, 500 మీటర్లకు పెడితే, 100 మీటర్ల దగ్గర తూటాలు చుక్కకు అటు ఇటు మీటరున్నరకు పైగా దూరంలో పోతాయి. శత్రువు శరీరం వెడల్పు మీటరు. వాడు రెండు తూటాల జల్లుల మధ్యలోంచి తడవకుండా పోతాడు. మీరు నిజంగా ఎంత దూరంలో కాలుస్తారో అంతే పెట్టండి. నేను 180 పెడతాను. 109 కే-4, అమెరికా పి-38 లాంటివాటిలో గన్లు ముక్కులోనే ఉంటాయి కాబట్టి ఈ పక్క గొడవ లేదు, తూటా కిందికి జారడం ఒక్కటే చూసుకోవాలి. మామూలు తూటాకు 300 మీటర్ల దగ్గర అది 70 సెంటీమీటర్లు, 100 దగ్గర 8. చూశారా, దగ్గరికి వెళితే ఈ లెక్క కూడా మాయమవుతుంది. ఎంకే 108 గుండు మాత్రం నెమ్మది, 300 మీటర్లకే రెండు మీటర్లు పడిపోతుంది.

మరో పొరపాటు, సరిగ్గా తోక వెనకాల దూరడం. అక్కడినుంచి చూస్తే విమానం కత్తి అంచులా ఉంటుంది, రెక్కలు గీతలు, శరీరం చిన్న గుండ్రం. కాస్త పైనుంచి, పది పదిహేను డిగ్రీల పక్కనుంచి రండి. రెక్కల వెడల్పు, కాక్‌పిట్, ఇంజిన్ అన్నీ మీ ముందు పరిచినట్టు కనిపిస్తాయి. లీడ్ కావాలి, కానీ రింగు లోపలే సరిపోతుంది. తిరిగే శత్రువైతే ముందు మీ రెక్కల వాలు వాడి రెక్కల వాలుతో కలపండి. రెండు విమానాలూ ఒకే పళ్లెం మీద తిరుగుతున్నట్టు ఉండాలి. అప్పుడు లీడ్ తప్పు అయితే ముందో వెనకో అవుతుంది, ఆ ఒక్క దిక్కే సరిచేసుకోవాలి. పళ్లేలు వేరైతే ముందు వెనకలతో పాటు పైన కింద కూడా తప్పుతాయి. అది చేతికి చిక్కదు.

జూమ్ గురించి గొడవ పడేవాళ్లున్నారు. పూర్తిగా జూమ్ చేస్తే శత్రువు పెద్దగా కనిపిస్తాడు, కానీ మీ చేతి వణుకు కూడా అంతే పెద్దదవుతుంది. పైగా పెద్దగా కనిపించగానే దగ్గరికి వచ్చేశామనే భ్రమ. నా దురలవాటు అక్కడే పుట్టింది. కాల్చడానికి ముందు ఒక రెండు సెకన్లు జూమ్, తర్వాత వెంటనే వెనక్కి.

ద్రోణుడు చెట్టు మీద పిట్టను చూపించి ఏం కనిపిస్తోందని అడిగితే అర్జునుడు పిట్ట కన్ను తప్ప ఏమీ కనిపించడం లేదన్నాడు కదా. మన ఆటలో అర్జునుడు అలా నిలబడితే వెనకనుంచి వచ్చిన ఇంకో విమానం అతణ్ణి కొట్టేసేది. మలాన్ కూడా కాల్చేటప్పుడు ఇంకేమీ ఆలోచించొద్దన్నాడు, నిజమే. కానీ చుట్టూ చూడడం ఎప్పుడూ మానొద్దని ఆ పక్కనే రాశాడు. రెండు సెకన్లే అర్జునుడు కావాలి. తర్వాత మెడ తిప్పాలి.

సాధన ఎలా? ఆన్‌లైన్‌లో గురి నేర్చుకోలేరు, అక్కడ బతకడమే నేర్చుకుంటారు. మొదటి నెల ట్రిగ్గర్ ముట్టుకోకండి. డీసీఎస్ అనే సిమ్యులేటర్‌లో ఉచితంగా ఇచ్చే మస్టాంగ్ ఉంది చూశారా, టీఎఫ్-51డి, దానికి గన్లే ఉండవు. చాలామంది అది చూసి, గన్ల్లేని ఫైటర్ ఎందుకని డిలీట్ చేస్తారు. నాకు అంతకంటే మంచి గురువు దొరకలేదు. ఒక కంప్యూటర్ విమానాన్ని నేరుగా ఎగరమని పెట్టండి. వెనకనుంచి వెళ్లి 150 మీటర్ల దగ్గర ఆగండి. అంతే వేగంతో, బంతి మధ్యలో, ముక్కు దాని కాక్‌పిట్ మీద పది సెకన్లు నిలపండి. వినడానికి సులువు. మొదటిరోజు మూడు సెకన్లు కూడా ఆగదు. పది సెకన్లు నిలబడ్డాక దాన్ని మెల్లగా మలుపు తిప్పమనండి, మళ్లీ అదే పని. మార్సే చేసింది ఇదే.

తర్వాత గన్లున్న విమానం. తూటాలు అపరిమితం అని పెట్టకండి, అది దీర్ఘరోగం. బదులుగా గన్నుకు ఇచ్చిన తూటాల్లో మూడో వంతే వాడాలని నియమం పెట్టుకోండి. ఒక్కో దాడికి ఒక బర్స్టు, ఒకటిన్నర సెకన్లు, తగిలినా తగలకపోయినా పక్కకు తప్పుకుని మళ్లీ రండి. ట్రేసర్లను, అంటే మెరుస్తూ దారి చూపే తూటాలను, చూస్తూ నీళ్ల పైపు తిప్పినట్టు తిప్పే అలవాటు ఉంటే మానండి. ట్రేసర్ కళ్లను మోసం చేస్తుంది, దూరాన అది వెనక పడుతోందా ముందు పడుతోందా కంటికి తెలియదు. పాత ఐఎల్-2 1946 ఉన్నవాళ్లకు ఒక చిట్కా. దాని సెట్టింగుల ఫైల్లో ఆర్కేడ్ అనే లైను ఉంటుంది, దానికి 1 అని పెడితే తూటా తగిలినచోట బాణాలు గుచ్చుకున్నట్టు కనిపిస్తాయి. ఎక్కడ తగిలిందో, ఏవైపు నుంచి తగిలిందో అన్నీ దాంట్లో తెలుస్తాయి. పాతదని నవ్వకండి.

ఆ తర్వాత రికార్డింగు. నిజమైన యుద్ధంలో గన్నుకు కెమెరా కట్టి, దిగాక ఫిల్ము చూసేవాళ్లు. మనకు టాక్‌వ్యూ అనే ప్రోగ్రాం ఉంది, డీసీఎస్ రికార్డింగునూ ఐఎల్-2 రికార్డింగునూ రెంటినీ చదువుతుంది. ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో ఆపి, మూడే అంకెలు ఒక నోటుపుస్తకంలో రాయండి. దూరం ఎంత, కోణం ఎంత, బంతి ఎక్కడ. నా పుస్తకం ఇదిగో, ఇరవై రూపాయల లాంగ్ నోట్‌బుక్. మొదటి పేజీల్లో నేను 250లో కాల్చానని గట్టిగా నమ్మిన బర్స్టులన్నీ 400 పైనే ఉన్నాయి. నా కన్ను నాకు అబద్ధం చెప్పింది, అదీ ప్రతిసారీ. మూడు నెలలకు అది 200కి దిగింది. గురి బాగుపడిందని మిత్రులు అన్నారు. గురి అక్కడే ఉంది, దూరం మారింది.

టైం ఎంతయింది? ఇంకో పది నిమిషాలు ఉంది. ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: గైరో గన్‌సైట్ ఉంటే ఈ లెక్కలన్నీ అదే చేస్తుంది కదా అన్నా?)

చేస్తుంది తమ్ముడూ. 1944లో మస్టాంగ్‌లకు వచ్చిన కే-14 అదే. శత్రువు రెక్కల వెడల్పు మీరు సెట్ చేయాలి, థ్రాటిల్ పిడి తిప్పి వజ్రం ఆకారపు గుర్తుల వలయాన్ని వాడి రెక్కలకు సరిపెట్టాలి, అలా ఒక సెకను నిలకడగా పట్టుకోవాలి. అప్పుడు చుక్క లీడ్ ఎంతో అంత వెనక్కి జరిగి కూర్చుంటుంది. నిలకడగా పట్టుకోవడం రానివాడికి చుక్క అద్దమంతా ఈదుతూ ఉంటుంది. రెక్కల వెడల్పు 109కి సెట్ చేసి బాంబర్ మీదికి వెళితే అది చెప్పేదంతా తప్పే. మామూలు రింగుతో ఆరు నెలలు చేసి తర్వాత దాని దగ్గరికి వెళ్లండి, స్వర్గంలా ఉంటుంది.

(ప్రశ్న: నాకు వీఆర్ లేదు, హెడ్ ట్రాకర్ కూడా లేదు. స్టిక్ కూడా పాతది. వాటికి డబ్బు పెట్టాలా ముందు?)

మీరు చెప్పింది చాలామందికి ఉన్న అనుమానమేనమ్మా. కాల్చేటప్పుడు మీరు చూసేది నేరుగా ముందుకే, దానికి హెడ్ ట్రాకర్ అక్కర్లేదు. వెతకడానికి, వెనక చూసుకోవడానికి కావాలి. స్టిక్ మధ్యలో వదులుగా ఊగుతుంటే కాస్త డెడ్‌జోన్, అంటే స్టిక్ కదిలినా గేము పట్టించుకోని మేర, పెట్టండి, ఎక్కువ పెట్టకండి, చిన్న సవరణలు చేతికి రావు. డబ్బు పెట్టాలంటే ముందు పెడల్స్‌కి పెట్టండి. ఆ బంతి కోసం.

(ప్రశ్న: బాంబర్ల మీద కూడా వంద మీటర్ల దాకా వెళ్లాలా? గన్నర్లు నన్ను చంపేస్తున్నారు.)

చంపుతారు మరి! తోక వెనక తాపీగా కూర్చుంటే ఎందుకు చంపరు? రింగు కూడా అక్కడ మోసం చేస్తుంది. బి-17 రెక్కలు 31 మీటర్ల పైన ఉంటాయి, 300 మీటర్లలోనే రింగు నిండిపోతుంది. ఫైటర్ అలవాటుతో వంద అనుకుని కాల్చేస్తారు. దానికి వెనకనుంచి వెళ్లకండి, పైనుంచి పక్కగా వేగంతో దిగి, ఒక్క బర్స్టు కాల్చి, కిందికి దూసుకుపోండి. వాళ్ల గన్నర్లకూ మీ మీద లీడ్ లెక్క కట్టాల్సి వస్తుంది. వాళ్ల తూటాలూ మీ తోక వెనకే పోతాయి.

సరే, ఆ మూలన రెండు సిస్టమ్‌లు ఆన్ చేసి ఉన్నాయి, ఒకదాంట్లో టీఎఫ్-51 తెరిచి పెట్టాను. ముందు అది. పది సెకన్లు నిలిపినవాళ్లకు పక్క సిస్టమ్‌లో గన్లు ఇస్తాను. మొదట ఎవరు కూర్చుంటారు?